వెనక్కి మడిచిన వరుస

రాయ్‌పూర్‌లో సముద్రం లేదు. నేను పడవల కాగితాలు చూస్తున్నానని చెప్పినప్పుడల్లా మా విజయనగరం చుట్టాలు ఈ సంగతి నాకు గుర్తు చేసేవారు. మా పిన్ని కొడుకైతే, మీ ఊళ్ళో ఓడలు బళ్ళవుతాయా, బళ్ళు ఓడలవుతాయా అని ఆట పట్టించేవాడు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని. ఒక కార్తీకమాసం తరవాత ఆ నవ్వు రావడం మానేసింది.

రాయ్‌పూర్ శివార్లలోని ఉర్లాలో ఒక ఇనప పనుల ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం. షెడ్డు దూలాలు, పెద్ద గేట్లు, నీళ్ళ ట్యాంకులు చేసేవాళ్ళం. ఫ్యాక్టరీ నడవడానికి కావలసిన లైసెన్సులు, వాటి గడువు తేదీలు, వాటికి కట్టే ఫీజులు అన్నీ నా బల్ల మీదే ఉండేవి. నేను పుట్టు పిరికిదాన్ని. గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చే రకం. అందుకే ఆ పనిలో నాకు మంచి పేరు వచ్చింది. గడువు తేదీలు ధైర్యవంతులకి గుర్తుండవు.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి పదేళ్ళు దాటాక మా ఊరికి చెరువుల మీద మోజు పట్టుకుంది. ఎక్కడ నాలుగు చుక్కల నీళ్ళుంటే అక్కడ లైట్లు, బెంచీలు, ఐస్‌క్రీమ్ బండ్లు వచ్చేశాయి. మా ఫ్యాక్టరీ యజమాని సేఠ్ చూస్తూ ఊరుకునే మనిషి కాదు. మందిర్ హసౌద్ దాటి చాలా దూరం వెళ్ళాక ఒక పెద్ద చెరువు ఉంటే, అందులో పడవ నడిపే కాంట్రాక్టు తీసుకున్నాడు. పడవ మనమే చేద్దామన్నాడు. నీళ్ళు లోపల ఆపే ట్యాంకు చేసేవాడికి నీళ్ళు బయట ఆపే ట్యాంకు చెయ్యడం ఎంతసేపు అన్నది ఆయన వాదన. రెండు పొడవాటి ఇనప పీపాలు చేసి, రెండు కొసలూ మూసేసి, పైన పలకలు పరిచి, దాని మీద నలభై కుర్చీలు బిగించి, చుట్టూ కడ్డీలు పెట్టి, రేకు కప్పు వేశారు. చూడ్డానికి నీళ్ళ మీద తేలే బస్‌స్టాపులా ఉండేది.

మనుషుల్ని ఎక్కించుకునే పడవకి ప్రభుత్వం సర్వే చెయ్యాలి. సర్వే చెయ్యాలంటే ముందు ఫీజు కట్టాలి. ఫీజు కట్టాలంటే అది ఎక్కడ కట్టాలో తెలియాలి. ఈ మూడోది తెలుసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఒక ఆఫీసులో ఫలానా ఆఫీసుకి పొమ్మన్నారు, ఆ ఫలానా ఆఫీసులో పడవకి చక్రాలెన్ని అని అడిగారు. చివరికి ఫీజుల పట్టిక చేతికొచ్చింది. పడవ పొడవుని బట్టి ఒక ఫీజు, ఎక్కే మనుషుల్ని బట్టి ఇంకో ఫీజు, మొదటి సర్వేకి ఒకటి, తరవాత ఏటా చేసే సర్వేకి ఒకటి. సర్వేయరు సెలవురోజున రావాలంటే ఎక్కువ. పడవ పాసవకపోతే కట్టింది వెనక్కి రాదు, మళ్ళీ ఆయన రావాలంటే మళ్ళీ కట్టాలి. అన్నీ కలిపినా మా సేఠ్ ఇంట్లో ఒక పూట విందు ఖర్చు కాదు. అయినా ఆయన, మునిగితే కట్టాలిగానీ తేలితే కట్టడమేమిటని గొణిగాడు.

ఆ మొదటిసారి సముద్రం ఉన్న ఊరినుంచి ఒక సర్వేయరు వచ్చాడు. రిటైర్మెంటుకి దగ్గరపడిన తెలుగాయన. మా వైపు సర్వేయరంటే గొలుసుతో భూమి కొలిచేవాడే కాబట్టి, మా వాచ్‌మన్ ఆయన్ని పక్కకి పిలిచి తన ప్లాటు సరిహద్దు సంగతి ఒకసారి చూడమన్నాడు. ఆయన నవ్వి సంచీలోంచి చిన్న సుత్తి, టార్చిలైటు తీశాడు. పీపా మీది మూత విప్పించి, ఆ వయసులో బొక్కలోంచి లోపలికి దిగాడు. సగం పూట లోపల సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది. తరవాత మా పనివాళ్ళని నలభై మందిని పడవెక్కించి, అందర్నీ ఒకే పక్కకి వెళ్ళి నిలబడమన్నాడు. పడవ ఆ పక్కకి ఎంత దిగిందో టేపుతో కొలిచాడు. గట్టున నిలబడ్డ నేను నాలుగడుగులు వెనక్కి వేశాను.

పడవ పాసయింది. ఒక ఏడాదికి సర్టిఫికెట్ ఇచ్చాడు. వెళ్ళేటప్పుడు నేను ఫీజు రసీదుల నకళ్ళు చూపించబోతే వద్దన్నాడు. "అమ్మా, మీరు కట్టిన ఫీజు నేను రావడానికి. పడవ తేలడానికి ఎవరూ ఫీజు తీసుకోరు" అన్నాడు. మాట బాగుందనుకున్నాను. బాగున్న మాటల్ని వెంటనే మరిచిపోవడం నాకు అలవాటు.

సర్టిఫికెట్‌ని చెక్క ఫ్రేములో పెట్టించి పడవ ఎక్కేచోట తగిలించాం. మా అమ్మ దాన్ని చూడకుండానే కాలనీ అంతా చెప్పుకుంది. అమ్మాయి సంతకాల మీదే పడవ నడుస్తోందన్నట్టుగా చెప్పింది. అమ్మ మాటల్లో నేను ఎప్పుడూ ఉన్నదానికంటే రెండు మెట్లు పైన ఉంటాను.

నాన్న మాత్రం పీపాలు ఎంత మందం రేకుతో చేశారని అడిగాడు. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యాడు. పొడుగు కర్రకి బిగించిన సుత్తితో, స్టేషన్లో ఆగిన రైలు చక్రాల్ని ఒక్కొక్కటే కొట్టి వినడం ఆయన పని. బాగున్న చక్రం ఖంగుమంటుంది. పగులున్న చక్రం మొద్దుగా పలుకుతుంది. ఆ పలుకు వింటే రైలు ఆపించే అధికారం ఆయనకి ఉండేది. రిటైరయ్యాక చక్రాలు లేవు కాబట్టి ఇంట్లో దొరికిందల్లా కొట్టి వినేవాడు. కుండలు, కొబ్బరికాయలు, గ్యాసు సిలిండరు, పక్కింటివాళ్ళ కొత్త స్కూటరు కూడా. కూరగాయల బజార్లో పుచ్చకాయలమ్మేవాడు నాన్నని చూస్తే దండం పెట్టేసేవాడు. అందరికీ వేళాకోళమే గానీ, ఆయన కొట్టి తెచ్చిన కాయ ఒక్కటీ పాడైంది లేదు.

ఏడాది గడిచింది. ఫ్రేములో ఉన్న సర్టిఫికెట్‌కి గడువు దగ్గరపడింది. నేను నెల ముందే అన్ని ఫీజులూ కట్టేశాను. సర్వే తేదీ మాత్రం రాలేదు. ఫోను చేస్తే, పాత సర్వేయరు రిటైరయ్యాడనీ, ఆయన చోట ఇంకా ఎవరూ రాలేదనీ, పక్క జిల్లాల పని చూసే ఒకాయన ఇది కూడా చూడాలనీ చెప్పారు. వారం వారం చేసేదాన్ని. వారం వారం అదే మాట. గడువు దాటిపోయింది. వానలు వెనకబట్టాయి, చెరువు నిండింది, జనం రావడం మొదలైంది. ఫ్రేములో పాత తేదీ కనిపిస్తోంది, ఏదో ఒకటి చూడండి మేడమ్ అన్నాడు సేఠ్.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. మా ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది. తూకం రాళ్ళ ముద్రకైనా, దుకాణం లైసెన్సుకైనా, లారీ పర్మిట్‌కైనా ఫీజు కట్టేశామంటే సగం పని అయిపోయినట్టే లెక్క. కొత్త కాగితం వచ్చేదాకా రసీదు తగిలిస్తాం. తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా అది చూసి తలూపి వెళ్ళిపోతారు. పదేళ్ళుగా గోడల మీద రసీదులు తగిలిస్తూ వచ్చిన చేతులు నావి. ఇదీ అలాంటిదే అనుకున్నాను. నిజానికి అనుకోను కూడా లేదు, చెయ్యి దానంతటది చేసేసింది. రసీదు మీద ప్రభుత్వ ముద్ర ఉంది, పడవ పేరుంది, సర్వే అని పెద్ద అక్షరాలున్నాయి. కాకపోతే ఆ కాగితం ఫ్రేముకంటే ఒక వరుస పొడుగు. ఆ అడుగు వరుసలో చిన్న అక్షరాలతో, ఈ ఫీజు చెల్లించినంత మాత్రాన సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు అని హిందీలో ఉంది. ఫ్రేములో పట్టడంలేదని ఆ వరుసని వెనక్కి మడిచాను. గోరుతో మడత గట్టిగా నొక్కి, లామినేషన్ చేయించి తగిలించాను. చక్కగా సరిపోయింది.

నెల తిరక్కుండా పడవ నడిపే పెద్దాయన ఉర్లా ఆఫీసుకి వచ్చాడు. చెరువు పక్క పల్లెవాడు, ఛత్తీస్‌గఢీ తప్ప మాట్లాడేవాడు కాదు. నీళ్ళు తోడే చేతిపంపు రబ్బరు అరిగిపోయింది, కొత్తది ఇప్పించమన్నాడు. పడవకి పంపెందుకని అడిగాను. ఎడమ పీపాలో రోజూ పొద్దున్న నీళ్ళు ఉంటున్నాయట. వానాకాలానికి ముందు చెంబెడు ఉండేవట. ఇప్పుడు పడవ ఎక్కే ముందు గంటసేపు తోడాల్సి వస్తోందట. ఆయన అది చెరువులో తామరతూళ్ళ గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

నోటు రాసి సేఠ్ ముందు పెట్టాను. ఆయన చదివి, కార్తీక పున్నమి వెళ్ళనీ, బయటికి లాగించి వెల్డింగ్ చేయిద్దాం, ఇప్పుడే కదా సీజన్ అన్నాడు. కొత్త పంపుకి మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. నోటు మీద సంతకం పెట్టలేదు. దాన్ని పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి చాలాసేపు కూర్చున్నాను. ఫ్రేము తీసెయ్యమంటే పడవ ఆగుతుంది. పడవ ఆగితే నా ఉద్యోగం కూడా ఆగుతుంది. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. ముప్పై అయిదు దాటాక ఇంకో చోట ఎవరిస్తారన్న భయం కూడా ఉంది. రెండు భయాల్లో నెల తిరిగేసరికి జీతంగా కనిపించే భయమే గెలిచింది. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

అలా ఉండగా ఒక సాయంత్రం అమ్మ కూర తరుగుతూ, ఈసారి మన తెలుగువాళ్ళ కార్తీక వనభోజనాలు మీ చెరువు దగ్గరే అని చెప్పింది. ఏటా ఎవరిదో ఒక తోటలో పెట్టుకునేవాళ్ళం. ఈసారి అమ్మే పట్టుబట్టి మార్పించింది. ఉసిరి చెట్లున్నాయి, నీళ్ళున్నాయి, మా అమ్మాయి పడవ ఉంది అందట. వెళ్ళండిగానీ పడవ మాత్రం ఎక్కొద్దు అన్నాను. ఎందుకని అడిగింది. నీళ్ళంటే నాకు భయం కదా అన్నాను. "నీకు ఏటంటే బయం లేదు సెప్పు? బల్లంటే బయం, లిఫ్టంటే బయం. నీ బయానికి అందరం గట్టునే కూకోవాలేటి?" అంది. నాన్న పేపరు దించి నా మొహం చూశాడు. ఆ వారం రోజులూ వాన పడి వనభోజనాలు ఆగిపోవాలని దేవుడికి మొక్కుకున్నాను. కార్తీకమాసంలో వాన కోసం మొక్కినది ఆ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

వాన పడలేదు. రెండు బస్సుల్లో వెళ్ళాం. ఉసిరిచెట్టు కింద పూజ చేసి, పులిహోర, దప్పళం, పాయసం వడ్డించుకుని తిన్నారు. నేను పడవ నడిపే పెద్దాయన్ని వెతికి పట్టుకుని, ఇవాళ మావాళ్ళని ఎక్కించొద్దు, పంపు పాడైందని చెప్పు అని హిందీలో బతిమాలాను. ఆయన ఇబ్బందిగా చూశాడు. పొద్దున్నే సేఠ్ ఫోను చేశాడట. మేడమ్ మనుషులు వస్తున్నారు, డబ్బు తీసుకోకుండా తిప్పి చూపించమన్నాడట. నా మీద గౌరవంతో చేసిన ఏర్పాటు అది. పొద్దుటినుంచి రెండు గంటలు తోడానని, ఒక్క చుట్టుకి ఏమీ కాదని ఆయన నాకు ధైర్యం చెప్పాడు.

ఎండ వాలాక ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు సిద్ధం చేశారు. గట్టు పొడుగునా బురద. మా సంఘంలో అందరికంటే పెద్దామె, బురదలో దీపాలేమిటి, పడవలో నడిమధ్యకి వెళ్ళి తూర్పు ముఖంగా అందరం ఒకేసారి వదులుదాం అంది. ఆ మాట నా చెవిన పడేసరికే పట్టుచీరలన్నీ రేవు వైపు కదిలాయి. తూర్పు ముఖంగా అంటే అందరూ ఒకే పక్కకి వెళ్ళి వంగాలి. సర్వేయరు మా పనివాళ్ళని ఒక పక్కకి నిలబెట్టి టేపు పట్టిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు పీపాల్లో నీళ్ళు లేవు.

నేను పరిగెత్తుకుంటూ రేవు దగ్గరికి వెళ్ళేసరికి అమ్మ అప్పటికే ఎక్కేసింది, ప్రసాదం గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాన్న ఇంకా రేవు మెట్టు మీదే ఉన్నాడు. చేతిలో గొడుగు ఉంది. వంగి, ఆ గొడుగు పిడితో ఎడమ పీపాని కొట్టాడు. చెవి వంచి విన్నాడు. మళ్ళీ కొట్టాడు. రెండడుగులు పక్కకి జరిగి అక్కడా కొట్టాడు. నేను పదడుగుల దూరంలో ఉన్నాను, నాకూ వినిపించింది. తడి గోనెసంచిని కొట్టినట్టు పలికింది.

నాన్న నిటారుగా లేచాడు. మొహం మారింది. ఆ మొహం నాకు చిన్నప్పుడు తెలుసు. స్టేషన్లో నేను క్యారేజీ పట్టుకుని వెళ్ళిన ఒక మధ్యాహ్నం, ఆ మొహంతోనే ఆయన చెయ్యెత్తి రైలు ఆపించాడు. ఇప్పుడూ చెయ్యెత్తుతాడనుకున్నాను, ఎత్తాలని మనసారా కోరుకున్నాను. ఆయన చుట్టూ చూశాడు. ఎక్కేచోట తగిలించిన ఫ్రేము కనిపించింది. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, దగ్గరికి వెళ్ళి చదివాడు. ముద్ర మీద వేలు పెట్టి చూశాడు. ఆ కాగితంలో ఆయన చదవాల్సిన వరుస ఒక్కటే, అది వెనక ఉంది.

నన్ను చూసి, "నువ్వే గదా ఎట్టించావు ఇది" అని అడిగాడు.

తలూపాను.

"మరింకేటి. సర్కారు కాయితం ఉంది. ముసిలోడి సెవి, ఏటో ఇనిపిస్తది" అని నవ్వి పడవెక్కాడు.

నేను నోరు తెరిచాను. ఇప్పటికీ ఆ క్షణం దగ్గరికి వెళ్ళి నిలబడతాను. చుట్టూ నలభై మంది మా వాళ్ళు. రేపు మా కాలనీలో ప్రతి ఇంటా నా పేరు. ఎల్లుండి సేఠ్ ముందు నేను. ఇవన్నీ ఒక్కసారిగా అడ్డు వచ్చాయి. "లైఫ్ జాకెట్ వేసుకో నాన్నా" అన్నాను. ఆయన వేసుకున్నాడు. పట్టుచీరల మీద ఆ నారింజరంగు జాకెట్లేమిటని ఆడవాళ్ళెవరూ ముట్టుకోలేదు. చెప్పలేకపోయినదాన్ని కనీసం గట్టున ఉండిపోకూడదని నేనూ ఎక్కి నాన్న పక్కన నిలబడ్డాను.

పడవ మెల్లగా నడిమధ్యకి వెళ్ళింది. గాలి చల్లగా ఉంది, ఎవరో పాట అందుకున్నారు. నేను గట్టు ఎంత దూరమో కళ్ళతో కొలుస్తున్నాను. ఈత వచ్చినవాళ్ళు ఎవరెవరని లెక్కపెడితే మూడు వేళ్ళు కూడా మడవలేకపోయాను. ఇంజను ఆగింది. పెద్దామె దీపం వెలిగించుకుని లేచింది. ఆమె వెనక అందరూ లేచారు. ఇరవై మందికి పైగా ఆడవాళ్ళు ఎడమ పక్క కడ్డీల దగ్గరికి చేరి ఒకేసారి వంగారు. మగవాళ్ళు ఫోటోల కోసం వాళ్ళ వెనక్కి చేరారు.

పడవ ఎడమకి ఒరిగింది. ఒరిగి, మామూలుగా అయితే వెనక్కి రావాలి. అది రాలేదు. పీపాలోని నీళ్ళు కూడా ఆ పక్కకే దొర్లాయి కాబోలు, కాళ్ళ కింద గుడగుడమని చప్పుడు వినిపించింది. కుడివైపు ఖాళీ కుర్చీ కాలొకటి కిర్రుమంది. పలకల మీదికి నీళ్ళు వచ్చి వాళ్ళ పాదాలు తడిపాయి. భయపడతారనుకున్నాను. పెద్దామె రెండు చేతులూ ఎత్తి, గంగమ్మ తానే వచ్చి పాదాలు తాకింది అంది. అందరూ ఇంకా ముందుకి వంగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నారు. మా అమ్మ అందరికంటే ముందుంది. చీర కుచ్చిళ్ళు తడిసిపోయినా కళ్ళు మూసుకుని నవ్వుతోంది.

నాన్న చెయ్యి పట్టుకున్నాను. "నాన్నా, అది సర్టిఫికెట్ కాదు. డబ్బు కట్టిన రసీదు. ఈసారి సర్వే జరగలేదు. ఆ పీపాలో నీళ్ళున్నాయి, నాకు తెలుసు" అన్నాను. ఎంత మెల్లగా అన్నానో నాకే తెలియదు. ఆయన వినేశాడు.

నాన్న నా వైపు ఒక్కసారి చూశాడు. తిట్టడానికి కూడా తీరిక లేని చూపు అది. చెయ్యి విడిపించుకుని కుడివైపుకి నడిచాడు. ప్లాట్‌ఫారం ఆ చివరికి వినిపించే గొంతు ఒకటి ఆయనకి ఉండేది. రిటైరయ్యాక ఇంట్లో ఎప్పుడూ వాడలేదు. ఆ గొంతుతో, "మా వేపు గంగమ్మకి నిల్చోని దణ్ణం ఎట్టరు. ఎక్కడోలు అక్కడే కూకోండి. అందరూ కూకోండి" అన్నాడు.

ఆ గొంతుకి అందరూ కూర్చున్నారు. తడి పలకల మీదే కూర్చుని దండాలు పెట్టారు. పడవ ఇంకా ఒరిగే ఉంది. నాన్న అమ్మ కుర్చీలోంచి ప్రసాదం గిన్నె తీసుకుని కుడి చివర నిలబడ్డాడు. ప్రసాదం ఇక్కడ పెడుతున్నాననీ, ఒక్కొక్కరే రావాలనీ, తీసుకున్నవాళ్ళు ఇటే కూర్చోవాలనీ చెప్పాడు. ముందు పెద్దామెని పిలిచాడు. తరవాత అమ్మని. తరవాత ఒక్కొక్కరిని చూపుడువేలితో. తొమ్మిదో మనిషో పదో మనిషో ఇటు వచ్చాక కాళ్ళ కింద మళ్ళీ గుడగుడమంది. పడవ మెల్లగా లేచింది. పడవ నడిపే పెద్దాయన నాన్న కళ్ళలోకి చూసి, ఇంజను వేసి గట్టు వైపు తిప్పాడు. దారంతా నాన్న ఎవర్నీ లేవనివ్వలేదు. ప్రసాదం అయిపోయినా ఖాళీ గిన్నెలో వేళ్ళు పెట్టి తీసి పెడుతూనే ఉన్నాడు.

దిగాక ఆడవాళ్ళు గంగమ్మ మహిమ చెప్పుకుంటూ బస్సుల వైపు వెళ్ళారు. నాన్న రేవు మెట్టు మీద కూలబడ్డాడు. నేను పక్కన నిలబడ్డాను. తిట్టమని అడుగుదామనుకున్నాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"ముప్పైరెండేళ్ళు నా సెవి మాటే ఇన్నాను. ఇయ్యాల నా సెవి సెప్పింది. నీ కాయితం సూసి ఇన్నేదు" అన్నాడు.

ఆ తరవాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. అమ్మకి కూడా చెప్పలేదు.

నేను ఫ్రేము ఊడబెరికి, వెనక్కి మడిచిన అడుగు వరుస నాన్నకి చూపించి సంచీలో పెట్టుకున్నాను. మర్నాడు సర్వే ఆఫీసుకి నా పేరుతో ఉత్తరం రాశాను. పడవకి సర్టిఫికెట్ లేదు, పీపాలో నీళ్ళు వస్తున్నాయి, రసీదు తగిలించింది నేనే అని రాశాను. పదేళ్ళలో నేను రాసిన కాగితాల్లో నిజంగా చదివి రాసినది అదొక్కటే. వారం తిరక్కుండా పడవ ఆపేశారు. ఆ తరవాత కొత్త సర్వేయరు వచ్చి, ఎడమ పీపా అడుగున జానెడు పొడుగు అతుకు విడిపోయిందని రాసి వెళ్ళాడట. అప్పటికి నేను ఆ ఆఫీసులో లేను. సేఠ్ నన్ను తిట్టలేదు, పొమ్మనలేదు. నా బల్ల మీది ఫైళ్ళు ఒక్కొక్కటే ఇంకొకరి బల్ల మీదికి వెళ్ళిపోయాయి. బల్ల ఖాళీ అయ్యాక నేనే లేచి వచ్చేశాను.

అమ్మ ఇప్పటికీ ప్రతి కార్తీకంలో గంగమ్మ పాదాలు తాకిన కథ చెబుతుంది. ఏటికేడాది నీళ్ళు పెరుగుతున్నాయి, ఈమధ్య మోకాళ్ళదాకా వచ్చాయి. నేనూ నాన్నా అప్పుడు ఒకరి మొహం ఒకరం చూసుకోం.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. లామినేషన్ చేసిన ఆ రసీదు నా బీరువాలో ఉంది. ఒకసారి మడత విప్పబోయాను. ప్లాస్టిక్కులో అతుక్కుపోయి రాలేదు. దాని పుణ్యమా అని ఎక్కడ ఏ కాగితం కనిపించినా ఆగి చదువుతాను. బస్సులో ఫిట్‌నెస్ కాగితం, సినిమా హాల్లో నిప్పు తనిఖీ కాగితం, గోడకి తగిలించిన ఎర్ర సిలిండరు మీద చీటీ. వెనక జనం విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను.

పోయిన నెల మా ఊరి తెలీబాంధా చెరువు దగ్గర కొత్తగా కట్టిన ఒక అపార్ట్‌మెంటులో గృహప్రవేశం ఉంటే నాన్నని తీసుకుని వెళ్ళాను. ఆయనకి ఎనభై దాటాయి. మోకాళ్ళు అరిగిపోయాయి, చెవులు దాదాపు పోయాయి. మేం వెళ్ళాల్సింది నాలుగో అంతస్తు. లిఫ్టు తలుపు తెరుచుకుంది. నాన్న లోపలికి అడుగుపెట్టబోయి ఆగాడు. అలవాటుగా చేతికర్రతో లిఫ్టు గోడని ఒకటి కొట్టాడు, చెవి వంచాడు. తల అడ్డంగా ఊపాడు. ఆయనకి ఏమీ వినిపించలేదు.

"నాకింక ఇనిపించదు. నువ్వే సెప్పాల. ఎక్కొచ్చా?" అన్నాడు.

లోపల గోడ మీద ఒక కాగితం ఉంది. ముద్ర ఉంది, పెద్ద అక్షరాలున్నాయి. వంగి అడుగు వరుసదాకా చదివాను. ఫీజు కట్టిన రసీదు. తనిఖీ తేదీ దగ్గర ఖాళీ ఉంది. మా వెనక పట్టుబట్టల్లో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అందరికీ, నాన్నకి కూడా వినబడేలా గట్టిగా చెప్పాను, ఇది రసీదు, ఈ లిఫ్టుని ఇంకా ఎవరూ తనిఖీ చెయ్యలేదు అని. ఒకాయన నవ్వాడు. అందరూ లిఫ్టెక్కి పైకి వెళ్ళిపోయారు.

నాన్న నవ్వలేదు. మెట్ల వైపు తిరిగి నా భుజం పట్టుకున్నాడు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఇంకో మెట్టు ఎక్కాడు. రెండో అంతస్తులో చాలాసేపు ఆగాం. ఆయన గుండె కొట్టుకోవడం నా భుజానికి తెలుస్తోంది. ఈ మెట్లే ఆయన ప్రాణం మీదికి తెస్తాయేమోనని నాకు కొత్త భయం పట్టుకుంది. కిందికి వెళ్ళిపోదామా నాన్నా అని చెవి దగ్గర గట్టిగా అడిగాను.

"అడుగుదాకా సదివేవు గదా?" అన్నాడు.

"చదివాను."

తలూపి, పై మెట్టు మీద కాలు పెట్టాడు.